టోన్‌ఆర్మ్‌కి నూనె: మందే గానీ టానిక్కు కాదు

రికార్డ్ ప్లేయర్లు మళ్ళీ ఇళ్ళల్లోకి వచ్చాయి. వాటితో పాటు వాటి వైద్యాలూ వచ్చాయి. సూదిని మోసే చేతికి, అదే టోన్‌ఆర్మ్‌కి, సిలికాన్ నూనె వాడటం అందులో ఒకటి. వాడితే పాట బాగుపడుతుందని మా వారి వాదన. జబ్బు ఉంటేనే మందు అని నా వాదన.

సంగతేమిటంటే, సూది ఉన్న సన్నని కడ్డీ స్ప్రింగులా వంగుతుంది. దాని మీద ఆర్మ్ బరువు. రెండూ కలిస్తే ఉయ్యాలే కదా, దానికో సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపు సెకనుకి 8 నుంచి 12 సార్లు ఉంటే మంచిది. పాట దానికి పైన, సుమారు 20 నుంచి మొదలవుతుంది. రికార్డు వంకరలు చాలావరకు దానికి కిందే ఉంటాయి. మెత్తటి సూదికి బరువైన ఆర్మ్ తగిలించామనుకోండి, ఊపు కిందికి జారి వంకరలతో జత కడుతుంది. ఇక ఆర్మ్ ఊగడం, సూది ఎగరడం మొదలు.

నూనె పనికొచ్చేది అక్కడే. ఆర్మ్ పక్కన చిన్న తొట్టి, అందులో చిక్కటి సిలికాన్ ద్రవం, అందులో మునిగి ఆర్మ్‌తో పాటు కదిలే తెడ్డు. ఇంగ్లండ్ వాళ్ళ ఎస్ఎంఇ సిరీస్ త్రీ ఆర్మ్‌కి ఇలాంటి ఏర్పాటే ఉంది. ఆర్మ్ నెమ్మదిగా లోపలికి జరుగుతుంటే ద్రవం దారిస్తుంది, ఒక్కసారిగా ఊగబోతే పట్టుకుంటుంది. ఎండాకాలానికీ చలికాలానికీ సిలికాన్ చిక్కదనం పెద్దగా మారదు కాబట్టే దాన్ని వాడతారు. కుట్టుమిషను నూనెతో, కొబ్బరినూనెతో ప్రయోగాలు వద్దు.

మరి ఎక్కువైతే? వంకర వచ్చినచోట ఆర్మ్ పైకి లేవాలి. ద్రవం లేవనివ్వకపోతే ఆ భారం సూది మీద, గాడి మీద పడుతుంది. మా అత్తయ్యగారి దగ్గర ఘంటసాల భగవద్గీత ఎల్పీ ఉంది. మామయ్యగారు కొనిచ్చింది. ఏళ్ళ తరబడి అటక మీది వేడికి కాస్త వంగింది. సూది అరిగితే కొత్తది కొనుక్కుంటాం. మామయ్యగారి చేతి రికార్డు అరిగితే ఎక్కణ్ణుంచి తెస్తాం?

అందుకే ముందు ప్లేయర్ సమంగా ఉందో లేదో చూడండి. సూది బరువు చిన్న త్రాసుతో తూచండి. అప్పటికీ ఆర్మ్ ఊగుతుంటే తెడ్డు కొస తగిలేంత ద్రవం చాలు, తొట్టి నింపొద్దు. తొట్టి లేని మామూలు ఆర్మ్ అయితే బేరింగుల్లో అసలు పోయొద్దు. ఒలికిందంటే నీళ్ళకి వదలదు.

పిల్లలు హాల్లో పరిగెడితే సూది ఎగురుతోందని నూనె పోసేవాళ్ళూ ఉన్నారు. దానికి మందు తొట్టిలో లేదు, ప్లేయర్ కింద ఉంది. కాళ్ళూగే స్టాండు తీసేసి గోడకు గట్టి అర కొట్టించండి. పాట కోసం పిల్లలు మునివేళ్ళ మీద నడవాల్సి వస్తే, ఆ పాట ఎవరికోసమండీ?