చెప్పినవారిదే కథ

ఒకరి యింటిలోని చెంబును అడుగక తీసికొనిపోయినవానిని దొంగ యందుము. ఒకరి మనసులోని దుఃఖమును తీసికొనిపోయి లోకమునకు వినిపించినవానిని పరోపకారి యని మెచ్చుకొందుము. ఈ రెండు తీర్పులును ఒక్క న్యాయమున నెట్లు పొసగునో సంస్కారాభిమానులగు చదువరులు విచారింపవలెను.

మా ద్రాక్షారామమున జరిగిన సంగతి చెప్పెదను. నాయొద్ద చదివి, పైచదువులకు పోయి, తన కళాశాల రేడియోలో కార్యక్రమములు సిద్ధపఱచుచుండిన యొక విద్యార్థి సెలవులకు వచ్చినప్పుడు, కువైటులో ఇంటిపని చేసి తిరిగివచ్చిన యొక స్త్రీ కథను రికార్డు చేసికొనెను. అక్కడి యజమాని పాసుపోర్టు లాగికొనుటయు, జీతము బిగబట్టుటయు, రాత్రులు తాను వంటయింట నేలపై పండుకొని యేడ్చుటయు నామె దాపఱికము లేక చెప్పెను. పేరు చెప్పకయే యతడు దానిని ప్రసారము చేసెను. నేనును విని భేషని మెచ్చుకొంటిని. కొలది దినములలో ఆ కథ ఫోనులలో ఊరంతయు తిరిగెను. సప్తగోదావరి గుండము దాపున మిషను కుట్టుకొనుచున్నదని కథారంభమున నున్న వాక్యమొక్కటి చాలెను. ఆమె యెవరో చిన్నపిల్లలకును తెలిసెను. కుమార్తెకు వచ్చిన సంబంధము తప్పిపోయెను. ఆమె యతనిని తిట్టలేదు. "నీకు చెప్పుకున్నాను గాని, ఊరికి చెప్పలేదు కదా బాబూ!" అని మాత్రమనెను. ఆ మాటకు అతనియొద్దను, మెచ్చుకొనిన నాయొద్దను ప్రత్యుత్తరము లేదు.

"ముందుగా అనుమతి తీసికొనెను గదా" యని కొందఱనవచ్చును. ఏమి ప్రసారమగునో వినకముందు తలయూపుట అనుమతి యెట్లగును? చదువుకొన్నవాడు, ఊరివాడు, ఎఱిగిన కుఱ్ఱవాడు అడిగినప్పుడు బీదస్త్రీ కాదనుట యెంత కష్టమో మనమెఱుగమా? "దాచిన బాధ తీఱదు, చెప్పిననే గదా సంస్కరణము" అని మఱికొందఱందురు. నిజమే. వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి బయటపెట్టినది లంచము తినినవారి నడతను. అక్కడ వెలుగు బలవంతునిపై పడెను. మన కార్యక్రమమున జరిగినదేమి? డబ్బు తినిన ఏజెంటు పేరు వ్యాజ్యభయముచేత తీసివేయబడెను. మోసపోయినదాని యింటి యానవాలు కథకు సొంపు కలుగునని నిలుపబడెను. బలవంతునికి మఱుగు, బలహీనురాలికి వెలుగు! ఇది సంస్కరణమా?

వాయుతరంగములు ప్రజల సొత్తని సర్వోన్నత న్యాయస్థానము 1995లో తీర్పు చెప్పెను. 2002లో విద్యాసంస్థలకును, 2006లో స్వచ్ఛందసంస్థలకును సాముదాయిక రేడియో నడుపుకొను నవకాశము కలిగెను. ఇట్టి రేడియోల శక్తి స్వల్పము. వాని ధ్వని కొలది మైళ్లకు మించి పోదు. అనగా వినువారందఱును ఇరుగుపొరుగువారే. మహానగరమున పేరు దాచిన చాలునేమో. పల్లెలో పేరు దాచుట దాచుట కాదు. మెదకు సీమలోని పస్తాపూరులో 2008లో సంగం రేడియో మొదలైనప్పుడు మైకు పట్టినవారు దళిత స్త్రీలే. తమ పంటలు, తమ పాటలు, తమ కష్టములు తామే చెప్పుకొనిరి. చెప్పునదియు, విడుచునదియు చెప్పువారి చేతిలో నుండుటయే ఆ పద్ధతియందలి మేలు.

కావున రేడియోకై బయలుదేఱు విద్యార్థులకు మావంటి గురువులు మొదట నేర్పవలసినది యంత్రము త్రిప్పుట కాదు. కూర్చిన కార్యక్రమమును ప్రసారమునకు ముందు చెప్పినవారికే వినిపింపవలెను. వారు వద్దన్న మాటను కారణమడుగక తీసివేయవలెను. పేరుతోపాటు ఆనవాళ్లను గూడ విడువవలెను. కథనే మరల కోరినయెడల అప్పు తీర్చినట్లు ఇచ్చివేయవలెను.

మా భీమేశ్వరాలయపు ఱాళ్లపై వందలకొలది శాసనములున్నవి. అఖండదీపమునకు గొఱ్ఱెల నిచ్చినవారు తమ పేరును, తమ దానమును తామే కోరి చెక్కించుకొనిరి. తన్నుగూర్చి లోకమేమి వినవలెనో నిర్ణయించుకొను నధికారము గొఱ్ఱెల నిచ్చినవానికి నుండి, కన్నీరిచ్చినదానికి లేకపోవుట న్యాయమా?