పొగ పన్ను కట్టింది మేము... అడిగింది ఎవర్ని?

గుంతకల్లు స్టేషన్‌లో ఓ పూట నిలబడితే చాలు, బళ్లారి వైపు పోయే బొగ్గు గూడ్సు కనిపిస్తుంది. ఊరు దాటి వజ్రకరూరు, ఉరవకొండ దారి పడితే మిట్టల మీద గాలిమరలు. ఒకటి పొగ పెట్టేది, ఒకటి పొగ తగ్గించేది. రెండింటికీ ఎక్కడో ఎవరో ధర కట్టారు. ఆ ధర ఎంత, ఎవరి జేబులోంచి పోతోంది అని స్టేషన్ ముందర టీ బంకు దగ్గర అడిగి చూశాం. రైల్వే ఉద్యోగులున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు, చెనిక్కాయ వేసి నష్టపోయిన రైతులున్నారు. ఒక్కరికీ తెలీదు. అది వాళ్ల తప్పు కాదు, చెప్పినోడు లేడు.

కార్బన్ పన్ను వెయ్యాలా వద్దా అని మేధావులు ఇప్పుడు టీవీల్లో తలలు బద్దలు కొట్టుకుంటుంటే నవ్వొస్తుంది. మన దేశంలో ఆ పన్ను 2010 జులై 1నే మొదలైంది. బొగ్గు టన్నుకు 50 రూపాయలు, పేరు క్లీన్ ఎనర్జీ సెస్సు. 2014లో అది 100 అయింది, 2015లో 200, 2016లో 400. ఆరేళ్లలో ఎనిమిదింతలు! ఏ ఎన్నికల సభలోనైనా ఏ నాయకుడైనా ఈ మాట ఎత్తాడా?

లెక్క మీరే కట్టండి. ఒక యూనిట్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. టన్నుకు 400 అంటే కిలోకు 40 పైసలు, యూనిట్‌కు పాతిక పైసల చిల్లర. కరెంటు జీఎస్టీలో లేదు కనుక బొగ్గు మీద కట్టిన పన్ను కరెంటు కంపెనీకి వెనక్కి రాదు. తిరిగి తిరిగి మన ఇంటి బిల్లులోనే కలుస్తుంది. ఆ బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీ, సుంకం అని బోలెడు వరసలు. పొగ పన్ను అనే వరస మాత్రం వెతికినా దొరకదు.

పోనీ, ఆ డబ్బు పొగ తగ్గించడానికే పోయిందా? 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది 86 వేల కోట్లకు పైనే. అందులో స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది సుమారు 29,600 కోట్లు. పథకాలకు ఖర్చయింది సుమారు 15,900 కోట్లు. తక్కింది ఢిల్లీ ఖజానాలో కలిసిపోయింది. 2017లో జీఎస్టీ రాగానే దాని పేరే మార్చేసి, రాష్ట్రాలకు పన్ను నష్టం పూడ్చే పరిహార సెస్సు చేశారు. ఆ తర్వాత కరోనా కాలపు అప్పులు తీర్చడానికి పొడిగించారు. చివరికి 2025 సెప్టెంబర్ 22న సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. దాంతో నాసి బొగ్గు మీద మొత్తం పన్ను తగ్గింది. అంటే ఎక్కువ పొగ పెట్టే చవక బొగ్గుకే ఎక్కువ మేలు! వేసేటప్పుడు మమ్మల్ని అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు.

పార్లమెంటు ఆమోదించింది కదా అంటారు. ఆమోదించింది, ఫైనాన్స్ బిల్లులో ఒక మూల. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి మన పేరు మీద ఎవరెవరో తలూపడం, ఆనక మరిచిపోవడం చూస్తూనే ఉన్నాం. సీమకు అది కొత్త కాదు.

2000 ఆగస్టు 28 గుర్తుందా? కరెంటు ఛార్జీల పెంపు మీద చలో అసెంబ్లీ అన్న జనం మీద బషీర్‌బాగ్‌లో తూటాలు పేలాయి. ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ పెంపు బిల్లు మీద కనిపించింది కనుక జనం రోడ్డెక్కారు. కనిపించని పెంపు మీద రోడ్డెక్కేదెవరు? ఛార్జీలు మార్చాలంటే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెట్టాలి, రైతు కూడా మైకు పట్టుకొని అడగొచ్చు. బొగ్గు సెస్సుకు ఆ గడప కూడా లేకపోయింది. అది ఇంధన ఖర్చు అనే ముసుగేసుకొని లోపలికొచ్చేది.

ఇక గాలిమరల సంగతి. చెన్నేకొత్తపల్లి పక్కన కల్పవల్లి ఉంది. 1990ల మొదట్లో బోడిగుట్టలు. చుట్టు పల్లెల జనం టింబక్టు కలెక్టివ్‌తో కలిసి వేల ఎకరాల్లో చెట్టూ గడ్డీ తిరిగి మొలిపించారు. గొర్రెలకు మేత, ఈత చెట్లు, వాగులో నీళ్లు వచ్చాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. బంజరు కదా అని అక్కడ సుమారు 50 మెగావాట్ల గాలిమరల ప్రాజెక్టుకు దారిచ్చారు. కొండల్ని తొలిచి రోడ్లేశారు, మట్టి జారి వాగుల్లో పడింది. గాలి కరెంటుకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ వర్తించదు కనుక బహిరంగ విచారణ అక్కర్లేకపోయింది. చివరికి 2013లో హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సి వచ్చింది. కార్బన్‌ను మింగే అడవిని పెంచినోళ్లకు దక్కింది కోర్టు కేసు. కార్బన్ క్రెడిట్ల దరఖాస్తు మాత్రం గాలిమరల పేరు మీద!

మేము పొగ పన్నుకు వ్యతిరేకులం కాదు. వాన ఒక నెల ముఖం చాటేస్తే ముందు ఎండేది మా చేలే. భూమి వేడెక్కుతోందని మాకు ఢిల్లీ నుంచి వచ్చి పాఠం చెప్పక్కర్లేదు. కానీ ధర కట్టించాలంటే ముందు అడగాలి. 2021లో స్విట్జర్లాండ్‌లో ఇలాంటి చట్టమే జనం ఓటుకు వచ్చి ఓడిపోయింది. 2023లో ఇంకో వాతావరణ చట్టం జనం ముందుకొచ్చి గెలిచింది. ఫ్రాన్స్‌లో అడక్కుండా పెట్రోలు, డీజిలు మీద పెంచబోతే 2018లో పసుపు చొక్కాలు రోడ్డెక్కాయి, పెంపు ఆగిపోయింది.

ఇప్పుడు ఇంకొకటి వస్తోంది. 2023లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని నోటిఫై చేశారు. 2025 అక్టోబర్‌లో మొదటి విడత పరిశ్రమలకు లక్ష్యాలు పెట్టారు, అందులో సిమెంటు ఉంది. మన తాడిపత్రి చుట్టూ ఉన్నవి ఆ ఫ్యాక్టరీలే. లక్ష్యం తప్పిన ఫ్యాక్టరీ క్రెడిట్లు కొంటుంది, ఆ ఖర్చు సిమెంటు బస్తా మీద వేస్తుంది. పక్కా ఇల్లు కట్టుకునే కూలోడు దాన్ని మోస్తాడు. ఆ సొమ్ములో ఈ జిల్లాకు వచ్చేదెంత? గాలిమరకు పొలమిచ్చిన ఊరికెంత? గ్రామసభ కాదంటే కంపెనీ ఆగుతుందా? నోటిఫికేషన్లు తిరగేశాం, జవాబు లేదు.

ఈసారి ఛార్జీల మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు మేము పోతాం. విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు, రైతులు కలిసి రావాలి. పెద్ద పెద్ద డిమాండ్లు తర్వాత. మొదటి అర్జీ చిన్నది: బిల్లులో ఇంకొక వరస చేర్చండి, బొగ్గు మీద కట్టిన పన్నెంతో అందులో రాయండి.