పదును కన్నా ఊపిరి ముఖ్యం
కోబాల్ట్ మిశ్రలోహపు కత్తి పొడి సానచక్రం మీద ఎంత వేడెక్కినా ఉక్కులా మెత్తబడిపోదు. 1907లో అమెరికాలో ఎల్వుడ్ హేన్స్ పేటెంట్ పొందిన స్టెల్లైట్ అనే ఈ మిశ్రలోహం గొప్పతనం అదే. కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహంలో గట్టి కార్బైడ్ రేణువులు ఇమిడి ఉంటాయి. కోసే పని ఎక్కువగా వాటిదే. అందుకే అంచును అద్దంలా నున్నగా చేయకుండా, వజ్రపు పూత ఉన్న సానరాయిపై సానబట్టి కాస్త గరుకు మిగల్చడం మేలు. తుప్పు భయం లేదు కనుక కడిగి తుడిస్తే చాలు. ఎముక మీద కొడితే మాత్రం పలుచని అంచు వంగిపోవచ్చు. అయితే అసలు జాగ్రత్త కావలసింది కత్తికి కాదు, సానబట్టే మనిషికి. కోబాల్ట్ ధూళి పీలిస్తే ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బులు రావచ్చు. కంచన్‌బాగ్‌లోని మిధాని లోహ కర్మాగారంలో కోబాల్ట్ మిశ్రలోహాలు తయారయ్యే హైదరాబాద్ నగరంలోనే, ఎర్రమంజిల్ లాంటి పేటల్లో సైకిల్‌పై సానబట్టే కార్మికుడి చక్రం పొడిగానే తిరుగుతుంది, అతని ముఖానికి అడుగు దూరంలో. కత్తి వేడికి తట్టుకుంటుంది కదా అని పొడి చక్రానికి అప్పగించడం తప్పు. ఇలాంటి కత్తిని తడి రాయి మీద, చేత్తో, నిదానంగానే సానబట్టాలి. మిగిలిన మడ్డిని తడిగుడ్డతో తుడిచేయాలి.