ఫుట్‌బాల్‌కీ రిలేటివ్ గ్రేడింగ్ కావాలి

ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దగ్గరపడితే చాలు, ప్రతి హాస్టల్లోనూ ఒక పాత పంచాయితీ కొత్తగా మొదలవుతుంది. చరిత్రలో అన్నిటికంటే గొప్ప టీమ్ ఏది? ఒకడు గార్డియోలా బార్సిలోనా అంటాడు. ఇంకొకడు 2016 నుంచి వరుసగా మూడుసార్లు కప్పు ఎత్తిన రియల్ మాడ్రిడ్ అంటాడు. 2023లో ట్రెబుల్ కొట్టిన మాంచెస్టర్ సిటీ సంగతేంటని మరొకడు లేస్తాడు. ఎవరైనా 1950ల నాటి టీమ్ పేరెత్తారో, "అప్పట్లో డిఫెన్సే లేదురా, నడుచుకుంటూ ఆడేవాళ్ళు" అని నోరు మూయించేస్తారు.

ఈ చర్చ నాకూ ఇష్టమే. కొలిచే పద్ధతి మీదే నా అభ్యంతరం.

ఎక్కువమంది వాడేది టైమ్ మెషీన్ పద్ధతి. 1960 రియల్ మాడ్రిడ్‌ని తెచ్చి 2011 బార్సిలోనాతో ఆడిస్తే ఏమవుతుంది? బార్సిలోనా గెలుస్తుంది. అందులో వాదించడానికేముంది? యాభై ఏళ్ళ ట్రైనింగ్, తిండి, వైద్యం, వీడియో అనాలిసిస్ అన్నీ వాళ్ళ వెనక ఉన్నాయి. ఆ మాటకొస్తే న్యూటన్‌కి తెలియని లెక్కలు మన సెకండియర్ సిలబస్‌లో ఉన్నాయి. అందుకని మనం న్యూటన్ కన్నా గొప్పవాళ్ళమని ఎవరూ అనరు. మన మ్యాథ్స్ మార్కులు చూసినవాళ్ళు అసలే అనరు.

పైగా ఏ రూల్స్‌తో ఆడిస్తారు? ఎల్లో కార్డు, రెడ్ కార్డు, సబ్‌స్టిట్యూట్‌లు వరల్డ్ కప్‌లోకి వచ్చింది 1970లోనే. 1966లో పోర్చుగల్ డిఫెండర్లు పెలే కాళ్ళ మీద పడితే, బదులు దింపడానికి మనిషి లేక ఆయన కుంటుకుంటూనే మ్యాచ్ ముగించాడు. 1992 దాకా డిఫెండర్ కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవచ్చు. మెస్సీని ఆ రూల్స్‌తో, బురద గ్రౌండ్‌లో, వానకి తడిసి బరువెక్కిన తోలు బంతితో ఆడించి చూద్దామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు. మన చర్చల్లో టైమ్ మెషీన్ ఎప్పుడూ ఒకవైపే నడుస్తుంది.

రెండో పద్ధతి కప్పులు లెక్కపెట్టడం. అలాగైతే 1956 నుంచి 1960 దాకా మొదటి ఐదు యూరోపియన్ కప్పులూ వరసగా కొట్టిన రియల్ మాడ్రిడ్‌కి ఎదురే లేదు. 1960 ఫైనల్లో గ్లాస్గోలో ఫ్రాంక్‌ఫర్ట్ మీద 7-3. అందులో పుష్కాష్ నాలుగు, డి స్టెఫానో మూడు. కానీ మొదటి టోర్నీలో ఆడింది పదహారు టీమ్‌లే. ఇంగ్లండ్ ఛాంపియన్ చెల్సీ అసలు రాలేదు. ఏడు మ్యాచ్‌లు ఆడితే కప్పు చేతికొచ్చేది. 2024 దాకా నడిచిన 32 టీమ్‌ల పద్ధతిలో అదే కప్పుకి పదమూడు మ్యాచ్‌లు ఆడాలి. ఒకే పేరున్న కప్పు, రెండు వేర్వేరు పరీక్షలు.

మరి ఎలా కొలవాలి? మనకి బాగా తెలిసిన పద్ధతే ఒకటుంది, రిలేటివ్ గ్రేడింగ్. పేపర్ టఫ్‌గా వచ్చి క్లాస్ యావరేజ్ 35 అయితే 70 వచ్చినవాడు టాపర్. యావరేజే 80 అయితే అదే 70 గురించి ఎవరూ మాట్లాడరు. టీమ్‌ని కూడా దాని బ్యాచ్‌తోనే పోల్చాలి. నేనైతే మూడు ప్రశ్నలు వేస్తాను. తన కాలపు టీమ్‌ల కంటే ఎంత ముందుంది? ఆ బ్యాచ్ ఎంత గట్టిది? దాన్ని చూశాక మిగతావాళ్ళు ఏం మార్చుకోవాల్సి వచ్చింది?

ఇలా చూస్తే నా లిస్టులో మొదటి పేరు 1950-54 నాటి హంగరీ. వరల్డ్ కప్ గెలవని టీమ్. 1950 వేసవి నుంచి 1954 జూలై దాకా వాళ్ళు ఒక్క మ్యాచ్ ఓడలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్ బంగారు పతకం వాళ్ళదే. 1953 నవంబర్ 25న వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించారు. బ్రిటిష్ దీవుల బయటి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డ మీద అప్పటిదాకా ఓడింది లేదు. ఆరు నెలల తర్వాత బుడాపెస్ట్‌లో రిటర్న్ మ్యాచ్ పెడితే 7-1.

కిటుకు చిన్నదే. సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్కుటి గోల్ దగ్గర నిలబడకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి జారిపోయేవాడు. అతని వెంట వెళ్తే డిఫెన్స్‌లో ఖాళీ, వెళ్ళకపోతే అతనికి కావలసినంత టైమ్. ఇంగ్లండ్ డిఫెండర్లకి ఏం చేయాలో అర్థమయ్యేలోపే అతను మూడు గోల్స్ కొట్టేశాడు. వీళ్ళలో చాలామంది హోన్వెద్ అనే ఆర్మీ క్లబ్‌లో ఏడాది పొడవునా కలిసి ఆడినవాళ్ళే. ఆ పొందిక వేరే దేశాలకి లేదు.

"ఫైనల్ ఓడిన టీమ్ గొప్పదెలా అయింది?" అంటారు. నిజమే, 1954 ఫైనల్లో పశ్చిమ జర్మనీ 3-2తో గెలిచింది. అదే జర్మనీని హంగరీ ఆ టోర్నీ గ్రూప్ మ్యాచ్‌లో 8-3తో కొట్టింది. ఆ మ్యాచ్‌లో దెబ్బ తగిలిన పుష్కాష్ పూర్తిగా కోలుకోకుండానే ఫైనల్ ఆడాడు. ఒక్క రీడింగ్ తీసుకుని గ్రాఫ్ గీసేస్తే ల్యాబ్‌లో సారు ఊరుకుంటారా? నాలుగేళ్ళ రీడింగ్స్ ఉండగా ఒక్క మధ్యాహ్నాన్ని పట్టుకుని ఎందుకు తీర్పు చెప్పాలి?

రెండో స్థానం బార్సిలోనాది. ఇక్కడ బ్యాచ్ సంగతి ముఖ్యం. 1995లో వచ్చిన బోస్మన్ తీర్పు తర్వాత డబ్బున్న క్లబ్బులు యూరప్ మొత్తం నుంచి ఆటగాళ్ళని తెచ్చుకోగలుగుతున్నాయి. ముందుండడం కూడా కొంతవరకు కొనుక్కోగలిగే సరుకైపోయింది. అలాంటి రోజుల్లో 2011 ఫైనల్ మొదలుపెట్టిన బార్సిలోనా పదకొండు మందిలో ఏడుగురు సొంత అకాడమీ కుర్రాళ్ళు. మాంచెస్టర్ యునైటెడ్ మీద 3-1 స్కోరు కన్నా నాకు ఆ ఏడు అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఆ తర్వాత గోల్‌కీపర్‌కీ పాసింగ్ రావాలని అందరూ అడగడం మొదలైంది.

మూడోది సాకీ కోచింగ్‌లోని మిలాన్. 1989లో సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌ని 5-0తో, ఫైనల్లో స్టావాని 4-0తో ఓడించింది. మరుసటేడూ కప్పు వాళ్ళదే. కానీ సాకీ ఉన్న నాలుగేళ్ళలో ఇటలీ లీగ్ ఒక్కసారే గెలిచింది. అందుకే ఒక మెట్టు కిందికి దించాను. 1950ల మాడ్రిడ్‌కి నాలుగు. కోపమొస్తే మీ లిస్టు మీరు రాయండి, కానీ ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పి రాయండి.

ఇదంతా టైమ్‌పాస్ వాదనే కదా అనిపించవచ్చు. కాదనడానికి ఒక కారణం ఉంది. మన లిస్టుల్లోకి ఎక్కేవి దాదాపు అన్నీ యూట్యూబ్‌లో దొరికే టీమ్‌లే. కెమెరా లేని చోట ఆట ఉన్నా లేనట్టే. దీనివల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయిన టీమ్‌లలో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉండేది.

మాడ్రిడ్ ఐదు కప్పులు కొట్టకముందే, 1950 నుంచి 1954 దాకా, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. బ్యాచ్ తేలికేమీ కాదు, 1951లో, 1952లో అదే డ్యూరాండ్‌ని ఈస్ట్ బెంగాల్ ఎగరేసుకుపోయింది. హంగరీ వాళ్ళది ఆర్మీ క్లబ్ అయితే మనది పోలీసు డిపార్ట్‌మెంట్ టీమ్. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా టీచర్. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన జట్టు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్ళి నాలుగో స్థానంలో నిలిచింది. నా మూడు ప్రశ్నలూ వేసి చూడండి, ఈ పేరు దేనికీ తడబడదు.

2024లో 'మైదాన్' సినిమా వచ్చింది కాబట్టి రహీం పేరు మనలో కొందరికైనా తెలిసింది. ఆ పోలీస్ టీమ్‌లో ఎవరెవరు ఆడారో, ఎలా ఆడారో చెప్పగలవాళ్ళు మన క్యాంపస్‌లో ఎంతమంది ఉంటారు? ఆ మ్యాచ్‌లు కళ్ళారా చూసినవాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. హైదరాబాద్, సికింద్రాబాద్ నుంచి వచ్చిన మిత్రులు మీ వీధిలో, మీ బంధువుల్లో అలాంటి పెద్దాయన ఉంటే ఈ సెలవుల్లో వెళ్ళి కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, "తాతయ్యా, పోలీస్ టీమ్ ఎలా ఆడేది?" అని అడగండి. వచ్చే సంచికకి అంతకంటే మంచి వ్యాసం ఉండదు.