బొగ్గుకు రైలుంది, మనిషికి లేదు



ఈసారి ఇల్లందు స్టేషన్ గురించి మాట్లాడుకుందాం. రైల్వే రికార్డుల్లో దాని పేరు ఇల్లందు కాదు, సింగరేణి కాలరీస్. ఊరి పేరు కాదు, గని పేరు. అసలు సింగరేణి ఊరేమో కారేపల్లి పక్కన ఉంటది. మన పెద్దోళ్ళు ఇల్లందును ఇప్పటికీ బొగ్గుట్ట అంటరు. ఇక్కడికి రైలు ఎందుకొచ్చిందో ఆ ఒక్క మాటలోనే ఉంది.

1871 ప్రాంతంలో జియాలజికల్ సర్వే అధికారి విలియం కింగ్ ఇక్కడ బొగ్గు ఉందని తేల్చిండు. ఒక బొగ్గు పొరకు ఆయన పేరే పెట్టిన్రు, కింగ్ సీమ్ అని. భద్రాచలం పోయే యాత్రికులు పొయ్యి కింద పెట్టుకున్న నల్లరాళ్ళు మండినయని ఇంకో కథ కూడా చెప్తరు. దొర కనిపెట్టిండు, లేకుంటే యాత్రికులు కనిపెట్టిన్రు. మరి తరతరాలుగా అదే అడవిలో పోడు కొట్టుకుని, రోజూ పొయ్యి వెలిగించుకున్న కోయోళ్ళు ఆ రాయిని చూడనే లేదా? వాళ్ళ పేరు ఏ పొరకూ లేదు.

1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి గనుల హక్కులు పోయినయ్. 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు పట్టాలు కూడా ఆ రోజుల్లోనే పడ్డయ్. వేసింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ఎవరికనుకున్నరు? డబ్బు పెట్టినోళ్ళ వడ్డీకి. నేల పోయినోళ్ళకు ఏ గ్యారంటీ లేదు. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా ఇంకో లైన్ వేసిన్రు, అదీ బొగ్గు కోసమే. ఆ స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టిన్రు. భద్రాచలమేమో గోదావరి అవతల, అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలు నదిదాకా కూడా పోలేదు, పేరు మాత్రం రాముడి దాకా పోయింది.

ఇల్లందు లైన్ మీద ఒకప్పుడు ప్యాసింజర్ బండి నడిచింది. అది పట్టుకుని డోర్నకల్‌లో దిగితే ఇటు వరంగల్, అటు ఖమ్మం బండ్లు దొరికేవి. తర్వాత ఆ ప్యాసింజర్‌ను తీసేసిన్రు. పట్టాలు పీకలేదు, చూడండి. బొగ్గు వ్యాగన్ల కోసం ఉంచిన్రు. మనిషికి టికెట్ ఇచ్చే కిటికీ మాత్రం మూసేసిన్రు. చిన్న లైన్ల దగ్గర రైల్వే ఎప్పుడూ ఒకటే మాట చెప్తది: లాభం లేదు. టికెట్ డబ్బులే లెక్కేస్తే లాభం ఎట్లా కనపడతది? 130 ఏళ్ళకు పైగా ఈ నేల కింద నుంచి పోయిన బొగ్గు ఎవరి లాభంలో రాసిన్రు? ఆ పద్దు కూడా ఇల్లందు పేరు మీదనే రాయాలి కదా.

పాత సంగతి ఇప్పుడెందుకంటరా? 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా కొత్త లైన్‌కు ఒప్పుకుంది. సుమారు 174 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాలు. రైలు వద్దని మనం అనట్లేదు. మన పిల్లలకు కాలేజీ కావాలి, రోగమొస్తే పెద్దాసుపత్రి కావాలి, వాటికి బండి కావాలి. కానీ ఇల్లందులో జరిగినట్టు మళ్ళీ జరగొద్దు. పట్టాలు మన చేలల్ల నుంచి పోతయ్, బండి మాత్రం మన ఊర్ల ఆగదు అంటే ఊరుకోవద్దు.

1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభతోనో, తగిన స్థాయి పంచాయతీతోనో సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా పోడు భూమి నుంచి ఎవ్వరినీ కదిలించొద్దు. సర్వే రాళ్ళు పాతినంక అడిగితే ఆలస్యమైనట్టే.

అందుకే ఆ లైన్ పోయే ఊర్ల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇప్పుడే పంచాయతీకి పోయి మ్యాప్ చూపించమనండి. స్టేషన్ ఎక్కడ, రోజుకు ఎన్ని ప్యాసింజర్ బండ్లు, పశువులు దాటే దారి ఎక్కడ అని గ్రామసభలో అడిగి, జవాబును తీర్మానం పుస్తకంలో రాయించండి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఇల్లందు చుట్టుపక్కలోళ్ళు ప్యాసింజర్ బండి మళ్ళీ నడపమని ఊరూరా తీర్మానం చేసి, ఒక కాపీ రైల్వేకు, ఒక కాపీ ఐటీడీఏకు పంపండి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.