250 నుంచి 1000కి.. లినక్స్‌లో చిన్న సెట్టింగ్‌పై పెద్ద చర్చ ఎందుకు?

లినక్స్ కంప్యూటర్‌లో ఒకవైపు హెవీ వర్క్ నడుస్తుంటే, మరోవైపు వీడియో ఆగి ఆగి ప్లే అవుతోందా? ఇందుకు ఉండే కారణాల్లో కెర్నల్ టైమర్ కూడా ఒకటి.

లినక్స్‌కు గుండెకాయ కెర్నల్. ప్రాసెసర్ ముందు ఏ పని చేయాలో డిసైడ్ చేసేది ఇదే. సెకనుకు ఎన్నిసార్లు ఈ లెక్క సరిచూసుకోవాలో చెప్పేదే 'హెచ్‌జెడ్' సెట్టింగ్. 250 అంటే 4 మిల్లీసెకన్లకోసారి.. 1000 అంటే ఒక్క మిల్లీసెకనుకోసారి. 120 హెర్ట్జ్ స్క్రీన్‌పై ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే టైమ్ దాదాపు 8 మిల్లీసెకన్లే. అందులో 4 వెయిటింగ్‌కే పోతే సగం అయిపోయినట్టే!

మరి తగ్గించిందెందుకు? 2005లో 2.6.13 వెర్షన్‌తో డిఫాల్ట్‌ను 1000 నుంచి 250కి దించారు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతోందన్నది అప్పటి ప్రధాన వాదన. అయితే 2007లో 'టిక్‌లెస్' విధానం వచ్చింది. ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌ను ఊరికే నిద్రలేపడం తగ్గింది. దీంతో పాత వాదనలో పస తగ్గింది.

2024 అక్టోబర్‌లో ఉబుంటు 24.10 మళ్లీ 1000కి మారింది. 2025లో గూగుల్ ఇంజనీర్ ఒకరు మెయిన్ కెర్నల్‌లోనూ ఇదే డిఫాల్ట్ కావాలని ప్రతిపాదించారు.

నష్టమే లేదా అంటే.. ఉంది. పని చేస్తున్న ప్రాసెసర్‌కు అంతరాయాలు పెరుగుతాయి. సర్వర్లకు, చిన్న డివైజ్‌లకు అది భారమే. కానీ సర్వర్ చూసుకునేవాళ్లకు సెట్టింగ్ మార్చుకోవడం తెలుసు. ఇంట్లో పీసీ వాడేవాళ్లలో చాలామంది వాటి జోలికే వెళ్లరు. వాళ్లకు డిఫాల్టే ఫైనల్. అందుకే డెస్క్‌టాప్‌కు 1000 సరైన ఛాయిస్ అనిపిస్తోంది.