మాత్రల పద్దు

మన తిరువొత్తియూరు తెలుగు ఇళ్ళలో పెద్దవారి మంచం పక్కన ఒక బిస్కట్ల డబ్బా ఉంటుంది. అందులో బిస్కట్లుండవు, మాత్రలుంటాయి. చక్కెర జబ్బుకు రెండు, రక్తపోటుకు ఒకటి, కొలెస్టరాలుకు ఒకటి, మోకాళ్ళ నొప్పికి ఒకటి, ఇన్ని మింగినందుకు కడుపు మంటకు మరొకటి. రోజూ అయిదు రకాలు దాటితే ప్రత్యేకంగా కనిపెట్టి ఉండాలని వైద్యులంటారు.

మధుమేహం ముదిరిన వయస్సులో మందులు పెరగడం ఎవరి తప్పూ కాదు. గుండెకొక డాక్టరు, మూత్రపిండాలకొకరు, కంటికొకరు. ఎవరి చీటీ వారిది. అన్ని చీటీలనూ కలిపి చూచేవారే ఉండరు.

మన ఉత్తర చెన్నపట్నానికి ఈ జబ్బు వైద్యంలో మంచి పేరున్నది. 1948లోనే స్టాన్లీ ఆసుపత్రిలో డాక్టరు ఎం. విశ్వనాథన్ గారు మధుమేహానికి ప్రత్యేక క్లినిక్కు నెలకొల్పారు. 2021లో ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం వచ్చి మాత్రలను గుమ్మం దాకా తెచ్చింది. మందు చేరువైనది గాని, దాని పేరు చేరువ కాలేదు. అట్టమీద ఇంగ్లీషు, నర్సమ్మ చెప్పేది తమిళం, బామ్మగారికి వచ్చిన అక్షరాలు తెలుగు!

మా వీధిలో ఒక పెద్దావిడ ఆసుపత్రి నుండి వచ్చి, కొత్త మాత్రతో పాటు ఇంట్లోని పాతదీ వేసుకున్నారు. పేర్లు వేరు, మందు ఒక్కటే. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, మాట తడబాటు, స్నానాల గది గడపలో పడిపోయారు. తెలివి ఉన్నది కాబట్టి పంచదార నీళ్ళు తాగించగలిగారు. గండం గడిచింది.

ఇటువంటివి మరికొన్ని. గ్లిబెన్‌క్లమైడు అనే పాత మాత్ర వృద్ధులకు చక్కెరను మరీ దించి, చాలాసేపు లేవనివ్వదు. దుకాణంలో అడిగి తెచ్చుకొనే డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు రక్తపోటును పెంచవచ్చు, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 విటమిను తగ్గవచ్చు. అప్పుడు వచ్చే అరికాళ్ళ తిమ్మిరి చక్కెర జబ్బుదే అనుకొని, ఇంకొక మాత్ర చేర్చుకుంటాము.

ఆఫీసులో రోజూ పద్దులు రాసే మాకు తోచిన ఉపాయం ఒకటే. ఒక నోటు పుస్తకంలో ప్రతి మందుకూ ఒక వరుస వేయండి: కంపెనీ పేరు, అసలు మందు పేరు, ఏ జబ్బుకు, తిండికి ముందా తరువాతా, ఎవరు రాశారు, ఎప్పటి నుండి. ఇంగ్లీషులోనూ, పెద్ద తెలుగు అక్షరాలలోనూ రాయండి. కాకర రసం, నాటు మందు కూడా పద్దులోకి ఎక్కవలసిందే. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ఆ పుస్తకం చేతిలో ఉండాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు డబ్బా మొత్తం పట్టుకెళ్ళి, “అయ్యా, వీటిలో ఇక అక్కరలేనివి ఏవి?” అని అడగండి. ఏకాదశి ఉపవాసముంటే ఆ రోజు మాత్రల సంగతి ముందే అడగండి. అంతేగాని ఏ మాత్రనూ మనంతట మనం మానరాదు.

తెలుగు మాట్లాడే మనుమలున్నారు గాని రాసేవారు తక్కువ. ఈ పద్దు వారి చేత రాయించండి. బామ్మగారి ప్రాణానికీ రక్ష, మనవడికీ నాలుగు అక్షరాలు.